రెండు కోణాలూ కొలిచాకే హాలోజన్ బంధం అనండి

హన్మకొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలు క్రిస్టల్ స్ట్రక్చర్ (స్ఫటికంలో అణువుల అమరిక) పట్టుకొని వచ్చి "సార్, క్లోరిన్లు దగ్గరగా ఉన్నయి, హాలోజన్ బంధమే" అంటరు. హాలోజన్ బంధమంటే ఒక అణువులోని క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ లాంటి హాలోజన్ పక్క అణువును ఆకర్షించి పట్టుకోవడం. కోణాలు చూసిండ్రా అని అడుగుత. దూరం ఒక్కటే ఏదీ తేల్చదు.

సిఐఎఫ్ ఫైలును (స్ఫటికంలో పరమాణువుల స్థానాలుండే ఫైలు) మెర్క్యురీ అనే స్ఫటికాలు చూపే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి, ఉచిత వెర్షన్ చాలు. మామూలుకన్నా దగ్గరగా ఉన్న పరమాణువులను చూపే షార్ట్ కాంటాక్ట్స్ ఆన్ చేయండి. వాన్ డర్ వాల్స్ వ్యాసార్థాల (బంధం లేని పరమాణువులు మామూలుగా ఎంత దగ్గరకు రాగలవో చెప్పే కొలతల) మొత్తం క్లోరిన్ జంటకు 3.50 ఆంగ్‌స్ట్రాములు, బ్రోమిన్‌కు 3.70, అయోడిన్‌కు 3.96. మీ దూరం అంతకన్నా తక్కువుంటేనే ముందుకు వెళ్లండి.

ఇప్పుడు రెండు వైపులా కార్బన్–హాలోజన్–హాలోజన్ కోణం కొలవండి. రెండింటి తేడా 15 డిగ్రీలలోపుంటే టైప్ 1. అది చాలావరకు అణువులు ఒత్తుగా సర్దుకోవడం వల్ల వచ్చిన దగ్గరితనం. ఒకటి 180 దగ్గర, రెండోది 90 దగ్గర ఉంటే టైప్ 2, అసలు ఆకర్షణ ఇక్కడుంది. ఎందుకంటే హాలోజన్ చుట్టూ ఎలక్ట్రాన్ సాంద్రత ఒక్క తీరుగా ఉండదు: బంధానికి ఎదురుగా ఉన్న కొసన కాస్త పాజిటివ్, నడుం చుట్టూ వడ్డాణంలా నెగెటివ్. ఒకదాని కొస ఇంకోదాని నడుముకు ఎదురుపడితే పట్టు దొరుకుతది. తేడా 15కూ 30కూ మధ్య పడితే తొందరపడి పేరు పెట్టకండి. స్ఫటిక రసాయన శాస్త్రవేత్త గౌతమ్ దేశిరాజు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు దీనిమీద చేసిన పని 1989లో అచ్చయింది, అది తప్పక చదవండి.

ఆ పాజిటివ్ కొస క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ వరుసలో పెరుగుతది. పారా డైక్లోరోబెంజీన్ 53 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, డైబ్రోమో 87, డైఅయోడో 131 దగ్గర కరుగుతయి. ఇదంతా హాలోజన్ బంధం ఖాతాలో వేయొద్దు, పెద్ద పరమాణువులకు డిస్పర్షన్ బలాలూ (ఎలక్ట్రాన్ల కదలిక వల్ల అన్ని అణువుల మధ్యా ఉండే ఆకర్షణ) ఎక్కువే.

ఫ్లోరిన్ దారి వేరు. బెంజీన్, హెక్సాఫ్లోరోబెంజీన్ విడివిడిగా 5 డిగ్రీల దగ్గర కరుగుతయి, సమపాళ్లలో కలిపితే వచ్చే స్ఫటికం 24 దగ్గర. అందులో వలయాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటయి. కాబట్టి ఫ్లోరిన్ ఉన్నప్పుడు వలయాల చదునైన ముఖాలు ఎదురెదురుగా పేర్చుకున్నయా చూడండి.

ఉష్ణోగ్రత మాత్రం మర్చిపోవద్దు. పారా డైక్లోరోబెంజీన్‌లో ఆల్ఫా, బీటా అనే రెండు స్ఫటిక రూపాల మధ్య హద్దు సుమారు 31 డిగ్రీలు, మే నెలలో వరంగల్‌లో ఏసీ లేని ల్యాబ్ ఆ హద్దు దాటే ఉంటది. 100 కెల్విన్ (సుమారు మైనస్ 173 డిగ్రీల సెల్సియస్) డేటాలోని దూరాలను గది ఉష్ణోగ్రత దూరాలతో నేరుగా పోల్చకండి, చల్లబరిస్తే సాధారణంగా అవి తగ్గుతయి. పట్టికలో దూరం, రెండు కోణాలు, డేటా తీసిన ఉష్ణోగ్రత, ఈ నాలుగూ ఒకే వరుసలో రాసుకోండి.