ఇంట్లోనే టర్బో పాఠాలు – 4: స్టాక్ ఇంజన్ ఎంత బూస్ట్ మోస్తుంది?

పోయిన పాఠంలో మాజ్దా మియాటా కారుకి టర్బో (ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో తోసే యంత్రం) ఎక్కడ బిగించాలో, దానికి ఆయిల్ పైపు ఎక్కడి నుంచి లాగాలో చూశాం. మన బండి ఈసారీ అదే. 1994 అమెరికా మోడల్, 1.8 లీటర్ ఇంజన్, 128 హార్స్‌పవర్, 110 పౌండ్-ఫీట్ టార్క్ (ఇంజన్ తిప్పే బలం), కంప్రెషన్ 9:1 (లోపలి మిశ్రమాన్ని పిస్టన్ తొమ్మిదో వంతుకి నొక్కుతుంది). పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, హెడ్ గ్యాస్కెట్ అన్నీ కంపెనీ బిగించినవే. టర్బో పెట్టాక ఎవరైనా అడిగే మొదటి మాట, "ఎన్ని పీఎస్‌ఐ దాకా పోవచ్చు?"

పీఎస్‌ఐ అంటే బూస్ట్‌ని, అంటే టర్బో అదనంగా పెంచే గాలి ఒత్తిడిని, కొలిచే లెక్క. కానీ అలా అడిగితే సరైన జవాబు రాదు. చిన్న టర్బో 10 పీఎస్‌ఐ దగ్గర ఊపిరాడక వేడి గాలి తోస్తుంది. పెద్ద టర్బో అదే 10 దగ్గర చల్లటి గాలి ఎక్కువగా తోస్తుంది. గేజ్‌లో ముల్లు ఒకే చోట ఉంటుంది కానీ ఇంజన్ మీద పడే బరువు ఒకటి కాదు. అందుకే మనం టార్క్‌లో లెక్కేద్దాం. కాగితం, కాలిక్యులేటర్ తీసుకోండి.

సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ. 8 బూస్ట్ పెడితే మొత్తం 22.7. దాన్ని 14.7తో భాగిస్తే 1.54. అంటే ఒకటిన్నర రెట్ల గాలి అన్నమాట, కానీ వేడి అందులో కొంత తినేస్తుంది. బయట 30 డిగ్రీలుంటే, 70 శాతం ఎఫిషియెన్సీ ఉన్న కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే భాగం) నుంచి 8 పీఎస్‌ఐ దగ్గర గాలి దాదాపు 87 డిగ్రీలతో బయటికొస్తుంది. 15 పీఎస్‌ఐ అయితే 125 దాటుతుంది. ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లార్చే రేడియేటర్ లాంటిది) ఆ 87ని 45కి దించిందనుకుందాం. అప్పుడు పోయేది 5 శాతమే, కాబట్టి మనకి మిగిలేది 1.47 రెట్లు. 110ని దాంతో గుణిస్తే దాదాపు 162 పౌండ్-ఫీట్. పవర్ 188 రావాలి, ఎగ్జాస్ట్ ఎదురొత్తిడికి పోగా 180 అటూ ఇటూ.

ఈ అంకెని పోల్చి చూసుకోడానికి మాజ్దాయే ఒక బండి చేసింది. 2004, 2005లో అమెరికాలో అమ్మిన మాజ్దాస్పీడ్ మియాటా ఫ్యాక్టరీ నుంచే టర్బోతో వచ్చింది. 178 హార్స్‌పవర్, 166 పౌండ్-ఫీట్. అప్పటి టర్బో లేని మియాటా కంప్రెషన్ 10:1 అయితే, దీనికి 9.5కి తగ్గించారు. వారంటీ ఇచ్చి అమ్మాల్సిన వాళ్లు అక్కడ ఆగారంటే, ఊరికే ఆగి ఉండరు.

ఇక అసలు సంగతి. ఇంజన్ పోతే ముందు ఏది పోతుంది? ఎక్కువ సార్లు నాకింగ్ వల్ల పిస్టన్ పోతుంది. నాకింగ్ అంటే, స్పార్క్ మొదలుపెట్టిన మంట అంచులకి చేరేలోపే, అక్కడ మిగిలిన పెట్రోలు-గాలి మిశ్రమం వేడికి తనంతట తానే అంటుకుంటుంది. ఆ దెబ్బకి పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే సన్నని గట్టు విరుగుతుంది, లేదా హెడ్ గ్యాస్కెట్ పోతుంది. 1994 మియాటాలో నాక్ సెన్సార్ లేదు, కాబట్టి కంప్యూటర్ మనల్ని కాపాడదు. సైలెన్సర్ మార్చిన బండిలో ఆ చప్పుడు చెవికి కూడా ఆనదు. అందుకని గట్టిగా తొక్కి చూసిన ప్రతిసారీ ప్లగ్గులు విప్పి, టార్చి వేసి, వీలైతే భూతద్దంతో తెల్ల పింగాణీని చూడండి. మిరియపు పొడి చల్లినట్టు సన్నని నల్ల చుక్కలు, వాటి మధ్య మెరిసే అల్యూమినియం రేణువులు కనిపిస్తే పిస్టన్ కరగడం మొదలైనట్టే. ఆ రోజుకి బండి ఆపేయండి.

నాకింగ్ లేకుండా చూసుకుంటే తర్వాతి వంతు కనెక్టింగ్ రాడ్లది. చక్రాల దగ్గర కొలిచిన టార్క్ 200 పౌండ్-ఫీట్ దాటాక ఈ స్టాక్ రాడ్లకి గ్యారంటీ చెప్పలేం. మొత్తం బూస్ట్ 3,000 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తే ఇంకా ప్రమాదం. రాడ్‌ని వంచేది సిలిండర్‌లో ఒత్తిడి, అది టార్క్‌తో పాటే పెరుగుతుంది. కాబట్టి తక్కువ స్పీడులో ఐదో గేరు వేసి నేల దాకా తొక్కే అలవాటు మానుకోవాలి.

పెట్రోలు విషయంలో ఒక మాట. అమెరికా బంకులో రాసే ఆక్టేన్ నంబర్ (పెట్రోలు నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పేది), మన దేశంలో రాసే నంబర్ వేర్వేరు పద్ధతుల్లో కొలిచినవి. అక్కడి 91 దాదాపు మన 95తో సమానం. ట్యూనింగ్ చార్టులు చదివేటప్పుడు ఇది మర్చిపోతే మొత్తం తలకిందులవుతుంది.

నేనైతే ఇలా పెడతాను. ఇంటర్‌కూలర్, సరిగ్గా ట్యూన్ చేసిన ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), అమెరికా 91 పెట్రోలు ఉంటే 7 నుంచి 8 పీఎస్‌ఐ. ఇంటర్‌కూలర్ లేకపోతే 5 దగ్గర ఆగడం మేలు. 93 దొరికే రాష్ట్రంలో, మంచి ట్యూనర్ చేతిలో 10 దాకా పోవచ్చు, కానీ అక్కడ తప్పుకి చోటు చాలా తక్కువ. బూస్ట్‌లో ఉన్నప్పుడు గాలి-పెట్రోలు నిష్పత్తి 11.5కీ 12కీ మధ్య ఉండాలి. స్పార్క్ టైమింగ్‌ని పీఎస్‌ఐకి ఒక డిగ్రీ చొప్పున వెనక్కి తీసి మొదలుపెట్టండి, ఆ తర్వాత డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద సరిచేసుకోవచ్చు. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి (వేడిని త్వరగా వదిలేవి), గ్యాప్ 0.8 మిల్లీమీటర్లు. ఇంజన్ పాతబడి ఉంటే ఇవన్నీ పెట్టేముందు కంప్రెషన్ టెస్ట్ చేయించండి. నాలుగు సిలిండర్ల మధ్య 10 శాతానికి మించి తేడా వస్తే టర్బోని కాదు, ముందు ఆ ఇంజన్ని చూసుకోవాలి.

ఈ వారం హోంవర్క్: 180 హార్స్‌పవర్‌కి ఇంజెక్టర్ (సిలిండర్‌కి ఒకటి చొప్పున పెట్రోలు చిమ్మేది) సైజు తేల్చండి. టర్బో ఇంజన్ గంటకి ఒక్కో హార్స్‌పవర్‌కి 0.6 పౌండ్ల పెట్రోలు తాగుతుందని అనుకోండి. వచ్చినదాన్ని నాలుగుతో భాగించి, ఇంజెక్టర్ 80 శాతం మించి తెరిచి ఉండకూడదు కాబట్టి మళ్లీ 0.8తో భాగించండి. దాన్ని 10.5తో గుణిస్తే నిమిషానికి ఎన్ని సీసీలో వస్తుంది. 355కి దగ్గరగా రాకపోతే లెక్క మళ్లీ చూసుకోండి. వచ్చే పాఠంలో వేస్ట్‌గేట్ (బూస్ట్‌ని అదుపులో పెట్టే కవాటం) స్ప్రింగ్ సంగతి, 8కి పెట్టిన బూస్ట్ తనంతట తానే 11కి ఎందుకు పాకుతుందో చూద్దాం.