క్యాంపింగ్ ట్రైలర్‌లో కర్టెన్లు ఉతికి తిరిగి తగిలించడం

అమెరికాలో చలికాలమంతా కప్పి ఉంచిన చిన్న క్యాంపింగ్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే, పడుకోవడానికీ వండుకోవడానికీ వీలున్న గదిలాంటి బండి) తలుపు వసంతంలో తెరవగానే ముక్కిన వాసన కొడితే, ముందుగా కర్టెన్లను పట్టి చూడాలి. చిన్న ట్రైలర్లలో చాలావాటికి కిటికీ అద్దం ఒక్క పొరే, చట్రం అల్యూమినియం. అందువల్ల లోపల పడుకున్నవారి ఊపిరిలోని తేమా, స్టౌ మీది ఆవిరీ చల్లని అద్దం మీద నీరుగా మారి, దానికి ఆనుకున్న బట్టలోకి దిగి, అక్కడే బూజు పడుతుంది.

ఈ కర్టెన్లను ఇంటి కర్టెన్లలా చూడకూడదు. గోడ వంపుగా ఉన్నచోటా, బండి కదులుతున్నప్పుడు బట్ట ఊగకుండా ఉండేందుకూ వీటిని తరచుగా పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు ట్రాకుల (కర్టెన్ జరిగే సన్నని పట్టాల) మధ్య బిగిస్తారు. ఇంట్లో కర్టెన్ అర అంగుళం కుంచించుకుపోయినా ఎవరి కంటా పడదు. ఇక్కడ మాత్రం కింది హుక్కు ట్రాకుకు అందదు. కాబట్టి ఉతకడానికి ముందే ప్రతి కర్టెన్ పొడవునూ వెడల్పునూ కొలిచి రాసుకోవాలి.

విప్పే ముందు ఒక్కో కిటికీని ఫోటో తీసి, ఏ కర్టెన్ ఏ కిటికీదో, ఎడమదో కుడిదో తెలిసేలా చిన్న గుడ్డముక్క మీద రాసి పిన్నుతో గుచ్చండి. ఉతికేటప్పుడు ఆ పిన్ను తీసి, అదే చోట రెండు కుట్లతో నిలపడం మంచిది, ఎందుకంటే పిన్ను తుప్పు మరక బూజు మరక కంటే మొండిది. ట్రాకు చివర ఉన్న అడ్డు స్క్రూ తీస్తే ప్లాస్టిక్ గ్లైడర్లు (కర్టెన్‌ను పట్టుకొని ట్రాకులో జారే చిన్న ముక్కలు) వరుసగా జారి బయటికి వస్తాయి. ఎండకు పెళుసెక్కిన గ్లైడర్లు కొన్ని విరగడం ఖాయం. అన్ని ట్రాకులకూ ఒకే రకం సరిపోదు కనుక కొత్తవి కొనేటప్పుడు పాతదొకటి వెంట తీసుకువెళ్లాలి.

తరువాత బట్ట బలం చూడాలి. ఎండ ఎక్కువగా తగిలిన మడత దగ్గర మెల్లగా లాగితే పోగులు విడిపోతున్న కర్టెన్ ఉతుకుకు నిలవదు. దాన్ని కొలతల నమూనాగా దాచుకొని కొత్తది కుట్టించుకోవడమే మేలు. గట్టిగా ఉన్నవాటిని బయట దులిపి, ఎండు బూజును బ్రష్‌తో రాల్చాలి. లేబుల్ మీద డ్రై క్లీనింగ్ మాత్రమే అని ఉంటే ఆ మాట పాటించండి. మిగతావాటిని చన్నీళ్లలో తక్కువ గాఢత గల డిటర్జెంట్ వేసి పావుగంట నానబెట్టి, చేత్తో అదిమి జాడించండి, మెలిపెట్టి పిండవద్దు. వెలుతురును ఆపే రబ్బరు పూత అస్తరు ఉంటే వేడి నీళ్లు, డ్రైయరు, ఇస్త్రీపెట్టె మూడూ దానికి పనికిరావు. పూత పగిలి పొరలుగా ఊడిపోతుంది. బూజు మచ్చలకు తెల్ల వెనిగర్‌ను అంతే నీటిలో కలిపి, ముందు అంచు మడతలో రంగు పోతుందేమో పరీక్షించి, అరగంట ఉంచి జాడించవచ్చు. వెనిగర్, క్లోరిన్ బ్లీచ్ ఎప్పుడూ కలవకూడదు; కలిస్తే విషవాయువు వెలువడుతుంది.

నీడలో ఆరవేసి, ఇంకా కొంచెం చెమ్మగా ఉండగానే రాసుకున్న కొలతకు సాగదీయాలి. పూర్తిగా ఆరాక ఈ పని సాగదు.

బట్ట ఆరేలోగా ట్రాకులను పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, గ్లైడర్లు సులువుగా జారేందుకు సిలికాన్ స్ప్రేను గుడ్డ మీద కొట్టి తుడవండి. వంటనూనెలాంటిది వాడితే దుమ్ము పట్టి, బట్టకు మరకలు అంటుతాయి. స్క్రూ వదులైతే పొడవాటిది బిగించాలనే ఆలోచన సహజమే గానీ, ట్రైలర్ గోడ చాలా పలుచన. పొడవు స్క్రూ బయటి రేకును పొడవవచ్చు, లోపలి వైరునూ తాకవచ్చు. రంధ్రంలో జిగురు రాసిన అగ్గిపుల్ల ముక్క దూర్చి, ఆరాక మునుపటి స్క్రూనే బిగిస్తే పట్టు దొరుకుతుంది.

తగిలించేటప్పుడు పై ట్రాకులోనూ కింది ట్రాకులోనూ గ్లైడర్ల సంఖ్య సమానంగా ఉండాలి, లేకుంటే మడతలు ఒక పక్కకు మెలితిరుగుతాయి. పై వరుస పూర్తిచేసి, తరువాత కింది వరుస ఎక్కించి, చివరగా అడ్డు స్క్రూ పెట్టండి. ఆపై కర్టెన్‌ను ఒక పక్కకు లాగి, చీర కుచ్చెళ్లు సర్దినట్టు మడతలు సరిచేసి, మూడుచోట్ల మెత్తని గుడ్డపేలికలతో వదులుగా కట్టి, పైకప్పులోని గాలి కిటికీ (వెంటు) తెరిచి ఒక రాత్రి వదిలేయండి; ఉదయం పేలికలు విప్పాక బట్ట ఆ మడతల్లోనే నిలుస్తుంది.