సైకిల్ తొక్కితే మోకాలు నొప్పా? ముందు సీటు ఎత్తు చూడండి

నొప్పి ఎక్కడుందో వేలు పెట్టి చూసుకోండి. మోకాలి చిప్ప దగ్గరైతే చాలాసార్లు సీటు మరీ కిందికి ఉన్నట్టు, వెనక గుంటలో లాగుతుంటే మరీ పైకి ఉన్నట్టు. గోడ పట్టుకుని సీటెక్కి, మడమ పెడల్ మీద ఆనించి వెనక్కి తిప్పండి. పెడల్ పూర్తిగా కిందికొచ్చేసరికి కాలు నిటారుగా రావాలి, నడుము మాత్రం పక్కకి ఒరగకూడదు. మార్చేముందు సీటు గొట్టానికి టేపుతో గుర్తు పెట్టండి (నేను పెట్టక, పాత ఎత్తెంతో తెలియక వారం తిప్పలు పడ్డాను). ఒక్కసారికి 3 నుంచి 5 మిల్లీమీటర్లే జరపండి, రెండు మూడు రైడ్లయ్యాకే మళ్లీ. సీటూ క్లీట్లూ (బూటు అడుగున పెడల్‌కి పట్టుకునే బిళ్లలు) ఒకేసారి కదిపితే ఏది పనిచేసిందో అర్థం కాదు. బరువు గేర్లో బలవంతంగా తొక్కకండి, తేలిక గేర్లో నిమిషానికి 80 చుట్లు తిప్పినా చాలు. వాపు కనిపిస్తే మాత్రం రెంచి పక్కన పడేసి డాక్టర్ దగ్గరికెళ్లండి.