టైమ్ ఎట్ల రాయాలె: వరంగల్, కరీంనగర్ దిక్కు నుంచి కొత్తగా విదేశాలకు వచ్చినవారికి

మన దిక్కు టైమ్ రాయడానికి ఒక్క పద్ధతంటూ లేదు. పెళ్ళిపత్రికలో “ఉ. 10-42 ని.లకు” అని ఉంటుంది. పేపర్లో “సా. 5.30” అని, కాజీపేట స్టేషన్ బోర్డు మీద 17:30 అని, వాట్సాప్‌లో “మాపటికి ఐదున్నరకు వస్త” అని ఉంటుంది. ఊళ్ళో వీటితో ఎవరికీ ఇబ్బంది రాదు, చదివేవాళ్ళకు ముందే సంగతి తెలుసు కాబట్టి. విదేశంలో మీ టైమ్‌షీట్ (పని గంటలు రాసే కాగితం) చూసే అకౌంట్స్ మనిషికి, క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చున్నామెకు మీ అలవాటు తెలియదు. వాళ్ళు కాగితం మీద ఉన్నదే చదువుతారు. నష్టం ఎక్కువగా మూడు అలవాట్ల వల్ల వస్తుంది: గంటకూ నిమిషానికీ మధ్య పెట్టే చుక్క, అదే చోట పెట్టే గీత, అర్ధరాత్రి దాటినా “రాత్రి” అనే మాట. చుక్కతో నేరుగా జీతమే తగ్గుతుంది కాబట్టి ముందు దాని సంగతి.

టైమ్‌షీట్‌లో 7.30 అంటే ఏడున్నర కాదు

ఎన్నింటికి వచ్చారో రాసేటప్పుడు 7.30 అని చుక్క పెట్టడం తప్పేమీ కాదు. బ్రిటన్‌లో చాలామంది అట్లనే రాస్తారు, ఫిన్లాండ్, డెన్మార్క్‌లోనూ చుక్కే వాడుక. ఎన్ని గంటలు పనిచేశారో రాసే గడి సంగతి వేరు. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాలో చాలా కంపెనీల టైమ్‌షీట్లు దశాంశాల్లో నడుస్తాయి. అక్కడ 7.30 అంటే 7 గంటలు, ఇంకో గంటలో నూటికి 30 వంతులు. అంటే 7 గంటల 18 నిమిషాలు. మీరు ఏడున్నర గంటలు పనిచేసి 7.30 అని కొడితే రోజుకు 12 నిమిషాలు పోతాయి. ఐదు రోజుల వారంలో సరిగ్గా ఒక గంట కూలి పోయినట్టు.

ఈ పొరపాటులో నష్టమే తప్ప లాభం ఎన్నడూ రాదు, ఎందుకంటే 60తో భాగించాల్సిన నిమిషాలను సాఫ్ట్‌వేర్ 100తో భాగిస్తుంది. 7 గంటల 45 నిమిషాలను 7.45 అని రాస్తే 18 నిమిషాలు, 7.15 అని రాస్తే 6 నిమిషాలు పోతాయి. సరైన లెక్క సులువే: నిమిషాలను 60తో భాగించి ఆ దశాంశం రాయాలె. 15 నిమిషాలకు .25, 30కి .50, 45కి .75, 20కి .33, 10కి .17. ప్రతి 6 నిమిషాలకు .1 అని గుర్తుంచుకుంటే ఫోన్ తీయకుండానే లెక్క తేలుతుంది.

మీ కంపెనీ ఏ పద్ధతిలో నడుస్తుందో మొదటి వారమే తెలుసుకోవచ్చు. రోజూ ఏడున్నర గంటల చొప్పున ఐదు రోజులు నింపినాక కింద మొత్తం 37.5 అని రావాలె. 36.5 అని వస్తే మీరు చుక్కను మన పద్ధతిలో వాడారన్నమాట. ఆ వారానిది అప్పుడే సరిచేయించుకోండి. జీతం పడ్డాక సవరణ అడగడం ఎక్కడైనా కష్టమే.

ఎక్సెల్‌లో సొంతంగా లెక్క రాసుకునేవాళ్ళకు ఇంకో చిక్కుంది. 7:30 అని కోలన్‌తో కొడితే అది టైమ్‌గా తీసుకుంటుంది, ఐదు రోజులు కలిపితే మాత్రం 13:30 అని చూపిస్తుంది. 24 గంటలు దాటగానే మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టడమే కారణం. మొత్తం వచ్చే గడికి ఫార్మాట్ లిస్టులో 37:30:55 అనే నమూనాను ఎంచుకుంటే 37:30:00 అని కనబడుతుంది.

గీత సంగతి చిన్నదే. పెళ్ళిపత్రిక అలవాటుతో 7-30 అని రాస్తే అమెరికాలో జులై 30 అనుకుంటారు. 10-11 అని రాస్తే పది నుంచి పదకొండు దాకా అనే అర్థం కూడా రావొచ్చు. గంటకూ నిమిషానికీ మధ్య కోలనే పెట్టండి.

“శనివారం రాత్రి ఒంటిగంట” ఏ తారీఖు?

మనకు పొద్దు పొడిస్తేనే రోజు మారుతుంది. అందుకే శుభలేఖల్లో “శనివారం తెల్లవారితే ఆదివారం” అని రాసుకుంటాం. టికెట్టుకు, షిఫ్టు చార్టుకు, హాస్టల్ బుకింగ్‌కు రోజు 00:00కే మారుతుంది. శంషాబాద్ నుంచి గల్ఫ్‌కు, యూరప్‌కు పోయే విమానాలు చాలా అర్ధరాత్రి దాటినాక లేచేవే, ఒకరోజు తేడాతో విమానం తప్పేది కూడా ఇక్కడే. టికెట్ మీద 15వ తారీఖు 01:40 అని ఉంటే మీరు ఇంటి నుంచి బయలుదేరాల్సింది 14వ తారీఖు మాపటికి. అంతర్జాతీయ ప్రయాణానికి 3 గంటల ముందు చేరాలనుకుంటే 14న 22:40కి ఎయిర్‌పోర్టులో ఉండాలె. హనుమకొండ నుంచి దారిలో మూడున్నర, నాలుగు గంటలు పెట్టుకుంటే 14న సాయంత్రం 6 గంటలకల్లా కదలాలె. 15న రాత్రి భోజనం చేసి బయలుదేరితే, విమానం పోయి చాలా గంటలు దాటి ఉంటుంది.

ఇంటివాళ్ళకు చెప్పేటప్పుడు రెండు రోజులూ చెప్పండి: “14 శనివారం రాత్రి, తెల్లారితే 15 ఆదివారం.” మన మాటలో ఉన్న ఆ పద్ధతి చాలా స్పష్టంగా ఉంటుంది, దాన్ని వదులుకోవద్దు. ఫారాల్లో మాత్రం తారీఖు, 24 గంటల టైమ్ రెండే చాలు.

12 ఏఎం, 12 పీఎం దగ్గర అక్కడివాళ్ళే తడబడతారు. ఈనాటి వాడుకలో 12 పీఎం అంటే మిట్ట మధ్యాహ్నం, 12 ఏఎం అంటే అర్ధరాత్రి. “శుక్రవారం 12 ఏఎం లోపు” అసైన్‌మెంట్ ఇయ్యాలంటే గురువారం రాత్రికే గడువు అయిపోతుంది. యూనివర్సిటీలు గడువును 11:59 పీఎం అని పెట్టడానికి కారణం ఇదే. మీరు ఎవరికైనా రాసేటప్పుడు 12 ఏఎం అనే మాట వాడకుండా 11:59 పీఎం అనో, 00:01 అనో రాయండి.

24 గంటల లెక్క, ఆసుపత్రి రాత

రైలు టికెట్ చదివినవాళ్ళకు 24 గంటల లెక్క కొత్త కాదు: 13 నుంచి 23 దాకా ఏ అంకె ఉన్నా 12 తీసేస్తే సరి. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీలో కాగితం మీద ఎక్కువగా ఇదే కనిపిస్తుంది. ఫ్రెంచివాళ్ళు కోలన్ బదులు హెచ్ అక్షరం పెడతారు. అమెరికాలో సామాన్య జనం వాడరు, దీన్ని “మిలిటరీ టైమ్” అంటారు. వాళ్ళ ఆసుపత్రుల్లో మాత్రం చాలాచోట్ల ఇదే నడుస్తుంది, అదీ కోలన్ లేకుండా: 0800, 1430. నర్సింగ్ ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు ముందున్న సున్నాను ఎన్నడూ వదలొద్దు. 800 అని రాస్తే మందు మోతాదో, టైమో తెలియదు.

చేతిరాతలో ఇంకొకటి చూడాలె. జర్మనీలో 1 అంకెకు ముందు పొడుగాటి ఏటవాలు గీత ఉంటుంది, మన కంటికి 7 లాగ కనిపిస్తుంది. అసలు 7కు నడుమ అడ్డగీత పెడతారు. చీటీ మీద 7 కనిపించి అడ్డగీత లేకుంటే అది 1 కావొచ్చు, అడిగి తెలుసుకోండి. మీరు రాసే 7కు కూడా అడ్డగీత పెట్టడం అలవాటు చేసుకోండి.

నోటిమాటలో అసలు ప్రమాదం “సగం” దగ్గర ఉంది. బ్రిటన్‌లో “హాఫ్ సెవెన్” అంటే మన ఏడున్నరే. జర్మనీలో “హాల్బ్ జీబెన్” అంటే ఆరున్నర, ఏడుకు ఇంకా సగం గంట ఉందని లెక్క. నెదర్లాండ్స్‌లోనూ అంతే. అమెరికాలో పెద్దవయసువాళ్ళు “క్వార్టర్ ఆఫ్ సెవెన్” అంటే 6:45. జర్మన్ నేర్చుకునే కొత్తలో అపాయింట్‌మెంట్ టైమ్‌ను 18:30 అని అంకెల్లో మీరే ఒకసారి తిరిగి చెప్పండి. తప్పుంటే వాళ్ళు వెంటనే సరిచేస్తారు.

గల్ఫ్‌కు వచ్చినవారికి

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ నుంచి పోయేవాళ్ళు ముందుగా నేర్చుకోవాల్సినవి అరబ్బీ అంకెలు. బోర్డు మీద సున్నాలాగ గుండ్రంగా కనిపించేది 5. అసలు సున్నా ఒక చుక్క మాత్రమే. మన 7ను పోలినది 6. ఇంగ్లిష్ వీ అక్షరంలాంటిది 7, దాన్ని తలకిందులు చేస్తే 8. ఈ ఐదు సరిగ్గా పట్టుకుంటే షిఫ్టు బోర్డు చదవడం సగం వచ్చినట్టే. టైమ్ పక్కన సాద్ అనే అక్షరం ఉంటే పొద్దుగాల, మీమ్ ఉంటే మధ్యాహ్నం దాటినాక. అరబ్బీ వరుస కుడి నుంచి ఎడమకు పోతుంది కాబట్టి “ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా” అన్నచోట మొదలయ్యే టైమ్ కుడివైపున ఉంటుంది. దుకాణం తెరిచే టైమ్‌నూ మూసే టైమ్‌నూ తారుమారు చేసుకునేది ఇక్కడే.

తోటి పనివాళ్ళ లెక్క కూడా తెలిసి ఉండాలె. ఇథియోపియావాళ్ళు గంటలను పొద్దున 6 నుంచి లెక్కిస్తారు. వాళ్ళ ఒంటిగంట మన పొద్దున 7. కెన్యా, టాంజానియావాళ్ళు స్వాహిలీలో మాట్లాడినప్పుడూ ఇదే లెక్క, ఇంగ్లిష్‌లో చెబితే మామూలు లెక్క. డ్యూటీ మార్పిడి టైమ్ మాట్లాడుకునేటప్పుడు గడియారం చూపించి ఖాయం చేసుకోండి.

యూఏఈ, ఒమన్ మనకంటే గంటన్నర వెనుక. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్ రెండున్నర గంటల వెనుక. ఏడాది పొడుగునా ఈ తేడా మారదు.

ఇంటికి టైమ్ చెప్పడం

అమెరికా, యూరప్‌లో చాలాచోట్ల తేడా ఏటా రెండుసార్లు మారుతుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కు పోతుంది. యూరప్‌లో మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాలు. న్యూయార్క్‌కూ మనకూ ఎండాకాలం తొమ్మిదిన్నర గంటలు, చలికాలం పదిన్నర. లండన్‌కు నాలుగున్నర, ఐదున్నర. ఎండాకాలంలో కూడా ఈఎస్‌టీ (న్యూయార్క్ దిక్కు చలికాలపు టైమ్) అని రాయడం మనవాళ్ళలో బాగా పాతుకుపోయింది, దాని ప్రకారం లెక్క కడితే గంట తప్పుతుంది. ఈటీ (తూర్పు అమెరికా టైమ్) అని రాస్తే రెండు కాలాలకూ సరిపోతుంది. మన టైమ్‌కు రాసే ఐఎస్‌టీ అనే మూడక్షరాలు ఇజ్రాయెల్, ఐర్లాండ్‌లోనూ వాడుకలో ఉన్నాయి. ఆఫీసు మెయిల్లో “భారత టైమ్” అనో, ఊరి పేరుతోనో రాయండి.

రాత్రి షిఫ్టువాళ్ళు గడియారం మారే ఆ రెండు రాత్రుల్లో జాగ్రత్తగా ఉండాలె. అమెరికాలో నవంబర్‌లో 01:30 రెండుసార్లు వస్తుంది. 23:00 నుంచి 07:00 దాకా చేస్తే కాగితం మీద 8 గంటలు, చేసిన పని 9 గంటలు. గంటల లెక్కన కూలి తీసుకునేవాళ్ళకు అక్కడి చట్టం ప్రకారం 9 గంటలకూ డబ్బు రావాలె. ఆ రోజు టైమ్‌షీట్‌లో గంటలు ఎన్నో చూసి మరీ సంతకం పెట్టండి. మార్చిలో అదే షిఫ్టు 7 గంటలే.

పంచాంగం వెంట తెచ్చుకున్నవాళ్ళకు ఒక మాట. తిథి ముగిసే టైమ్ ప్రపంచమంతటా ఒకే క్షణం, దాన్ని తేడా తీసేసి చదువుకోవచ్చు: ఇండియాలో 20:10 అంటే చలికాలం లండన్‌లో 14:40. రాహుకాలానికి ఆ లెక్క పనికిరాదు. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒకటి రాహుకాలం. ఆదివారం 4.30 నుంచి 6.00 అని మనం నోటికి చెప్పేది పొద్దున 6కు పొడిచి సాయంత్రం 6కు గూకే పగటికి వేసిన లెక్క. డిసెంబర్ నడుమ లండన్ పగలు 8 గంటలకన్నా తక్కువ, 4 కాకముందే పొద్దు గూకుతుంది. అక్కడ ఆదివారం రాహుకాలం 3కు కొంచెం ముందు మొదలై 4 లోపే ముగుస్తుంది. పంచాంగం యాప్‌లో ఊరు మార్చి పెట్టుకోండి, వరంగల్ అని వదిలేస్తే అది వరంగల్ పొద్దునే లెక్కిస్తుంది.