జపనీస్‌లో ‘అమరి’: అంతగా లేదని చెప్పడం ఎలా?

జపనీస్ నేర్చుకునేవారికి ‘చాలా’ అనే అర్థమిచ్చే ‘తొతెమొ’ త్వరగానే పట్టుబడుతుంది. ‘అంతగా’ అనే అర్థమిచ్చే ‘అమరి’ అలా కాదు. దాన్ని ఈ అర్థంలో వాడితే వాక్యం చివర వ్యతిరేక రూపం రావలసిందే కాబట్టి, మొదటి రోజు నుంచీ రెండింటినీ జంటగానే నేర్చుకోవడం మేలు. ‘నేను కాఫీ అంతగా తాగను’ అనే తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఆ వాక్యమే జపనీస్‌లో ‘కోహీ వ అమరి నొమిమసెన్’ అవుతుంది.

సాధనకు ముందుగా ‘నొమిమసెన్’ (తాగను), ‘తబెమసెన్’ (తినను) వంటి వ్యతిరేక క్రియలను తడబడకుండా పలకగలగాలి. ఆ తర్వాతే వాటి ముందు ‘అమరి’ చేర్చాలి. విశేషణాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ఖరీదైనది అనే అర్థంలో వాడే ‘తకయి’ చివరి ‘ఇ’ పోయి ‘తకకు నయి’ అవుతుంది కనుక, అంత ఖరీదు కాదనడానికి ‘అమరి తకకు నయి దెస్’ అనాలి; ‘అమరి తకయి దెస్’ అంటే తప్పు. మంచిది అనే ‘ఈ’ మాత్రం ‘యొకు నయి’గా మారుతుంది. అందమైన, శుభ్రమైన అనే అర్థాలున్న ‘కిరేయి’ కూడా ‘ఇ’తోనే ముగుస్తుంది గానీ అది వేరే వర్గానికి చెందినది, దానికి ‘అమరి కిరేయి జా నయి’ అనాలి. జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్షలో అన్నిటికంటే తేలికైన స్థాయి అయిన ఎన్5కు చదివేవారు ‘ఈ’, ‘కిరేయి’ రెండింటినీ ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

మిగలడం అనే అర్థమున్న ‘అమరు’ అనే క్రియ నుంచి వచ్చిన మాట ఇది. అందుకే భాగహారంలో శేషాన్ని కూడా ‘అమరి’ అనే అంటారు: 7ను 2తో భాగిస్తే ‘సన్ అమరి ఇచి’, అంటే భాగఫలం 3, శేషం 1. హద్దు మీరినదనే అర్థంలో ‘అమరి ని మొ తకయి’ (మరీ ఖరీదు) అన్నప్పుడు వ్యతిరేక రూపం అక్కర్లేదు. ఈ వాడుకను మొదటిది బాగా స్థిరపడ్డాకే చేపట్టడం మంచిది.

మాటల్లో ఇది ‘అమ్మరి’ అని కూడా వినిపిస్తుంది. నత్తొ (పులియబెట్టిన సోయా గింజల వంటకం) ఇష్టమా అని అడిగితే జపనీయులు చాలాసార్లు ‘అమరి...’ అని సాగదీసి ఆపేస్తారు, మిగతాది ఎదుటివారే అర్థం చేసుకుంటారు. సంభాషణలో ఇది మర్యాదైన పద్ధతే అయినా, రాసేటప్పుడు మాత్రం ‘అమరి సుకి దెవ అరిమసెన్’ (అంతగా ఇష్టం లేదు) అని వాక్యాన్ని పూర్తిచేయాలి.