అమ్మ బాత్రూంలో షవర్: ముందు ట్యాంకు ఎత్తు కొలవండి

నరసరావుపేటలో మా ఇల్లు 1991లో కట్టింది. నిరుటి వరకు ఆ ఇంట్లో షవర్ లేదు. కుళాయి కింద బకెట్, అందులో చెంబు, పక్కన పీట, అంతే. మోకాళ్ల నొప్పులు ముదిరాక అమ్మకు ఆ పీట మీంచి లేవడం కష్టమైంది. వంగి చెంబు ముంచినప్పుడల్లా నడుం పట్టేసేది. కుర్చీలో కూర్చుని హాయిగా స్నానం చేస్తుందని షవర్ పెట్టించాను. మొదటిసారి తప్పు చేసి, రెండోసారి సరిచేసుకున్నాను. పాత ఇంట్లో ఈ పని మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేను ముందు షాపుకు వెళ్లాను. అదే తప్పు. 8 అంగుళాల పెద్ద షవర్, వానలో తడిసినట్టుంటుందంటే నచ్చి కొనేశాను. బిగించి తిప్పితే నీళ్లు దారాల్లా జారాయి. అమ్మ రెండు రోజులు ఓపిక పట్టి, "దీనికన్నా చెంబే నయమే" అంది.

షవర్‌లో తప్పేమీ లేదు, ఎత్తు చాలలేదు. నీళ్లు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు ఒక బార్ (ప్రెషర్‌ను కొలిచే ప్రమాణం) ప్రెషర్ వస్తుంది. మా బాత్రూం నేల నుంచి డాబా మీది ట్యాంకు అడుగు వరకు పదకొండున్నర అడుగులు. షవర్ 7 అడుగుల దగ్గర పెట్టాం. మిగిలింది నాలుగున్నర అడుగులు, అంటే బార్‌లో ఏడో వంతు. అలాంటి పెద్ద షవర్లు చాలావాటికి అర బార్ పైనే కావాలి. కొనేముందు డబ్బా మీద ఎంత రాశారో చూడండి.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. బాత్రూం కుళాయికి గొట్టం తొడిగి, దాని కొసను షవర్ పెట్టాలనుకున్న ఎత్తుకు లేపి పట్టుకోండి. ఒకరు నిచ్చెన మీద గొట్టం కొస దగ్గర బకెట్ పట్టుకుంటే, ఇంకొకరు ఒక నిమిషం టైం చూడండి. 6 లీటర్లు దాటితే చిన్న షవర్‌కు సరిపోతుంది. అంతకన్నా తక్కువ వస్తే షాపుకు వెళ్లే ముందు పైన చేయాల్సిన పని ఉందన్నమాట.

మా పైపు కూడా ఒక కారణమే. ట్యాంకు నుంచి దిగే అరంగుళం ఇనప పైపు కోసి చూస్తే, లోపల తుప్పు, బోరు నీళ్ల ఉప్పు పేరుకుని వేలు పట్టేంత సందు కూడా లేదు. దాన్ని తీసేసి ట్యాంకు నుంచి అంగుళం పైపు దించి, బాత్రూంలోకి ముప్పావు అంగుళం తెచ్చాం. వేడినీళ్లు పోయేచోట వేడిని తట్టుకునే సీపీవీసీ రకం ప్లాస్టిక్ పైపే వేయించండి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది.

ట్యాంకును 3 అడుగుల ఇనప స్టాండు మీదికి ఎక్కించాం. ఇక్కడ తొందరపడొద్దు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే ఒక టన్ను. స్లాబు మధ్యలో నాలుగు ఇటుకలు పేర్చి దాని మీద ట్యాంకు పెట్టడం చాలా ప్రమాదం. మాది పిల్లర్లు లేని ఇల్లు. అందుకే మేస్త్రిని పిలిపించి, కింద రెండు గోడలు కలిసే మూల చూసి అక్కడ పెట్టించాం. ఎత్తు పెంచే వీలు లేకపోతే ప్రెషర్ పంపు ఉంది, కానీ కరెంటు పోతే అదీ ఆగిపోతుంది.

రెండోసారి నెత్తి మీద షవర్ ఆలోచనే మానేశాను. గోడకు నిలువు రాడ్డు, దాని మీద పైకీ కిందికీ జరిగే హ్యాండ్ షవర్ పెట్టించాను. కుర్చీలో కూర్చున్న అమ్మ 4 అడుగుల ఎత్తులో పట్టుకుంటే, పైన ట్యాంకు వరకు పదిన్నర అడుగులు దొరుకుతాయి. ధార బాగా వస్తోంది. వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే మిక్సర్ కూడా కింద బకెట్ కుళాయి ఉన్నదే కొన్నాను. పండగ రోజు తలంటుకు అమ్మకు బకెట్, చెంబు ఉండాల్సిందే.

మిక్సర్‌కు వచ్చే వేడినీళ్లు, చన్నీళ్లు రెండూ ఒకే ట్యాంకు నుంచి రావాలి. చన్నీళ్లు మోటారు నుంచి నేరుగా వస్తే ఆ ఉధృతికి వేడినీళ్లు వెనక్కి పోతాయి. గీజర్‌కు విడిగా 16 యాంపుల ప్లగ్గు, సరైన ఎర్తింగ్, బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి. ఈ మూడూ లేకుండా గీజర్ ఆన్ చేయకండి.

గోడకు గాడి కొట్టి పైపులు వేశాక, ప్లంబర్ ఆ సాయంత్రమే పూడ్చేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. "అతుకులు ఆరాక, పైపు మూతులకు డమ్మీ మూతలు బిగించి ఒక రాత్రంతా నీళ్లు నిలబెట్టు తమ్ముడూ" అన్నాను. పొద్దున చూస్తే పైపు మలుపు తిరిగే ఒక ఎల్బో దగ్గర చెమ్మ. టైల్స్ అతికించాక బయటపడి ఉంటే గోడంతా మళ్లీ పగలగొట్టాల్సి వచ్చేది. గాడి పూడ్చేముందు, పైపులు ఏ దారిన పోయాయో కొలత టేపు పక్కన పెట్టి ఫోటో తీసుకోండి. తర్వాత అమ్మ పట్టుకుని లేవడానికి గోడకు కడ్డీ పెట్టడానికి రంధ్రాలు వేసేటప్పుడు ఆ ఫోటోనే చూశాం. ఆ కడ్డీ మాత్రం స్క్రూలతో గట్టిగా బిగించాలి. గోడకు అంటుకునే రబ్బరు కప్పుల రకం పెద్దవాళ్ల బరువుకు నమ్మదగింది కాదు.

నేల వాటం కూడా చూడాలి. చెంబు స్నానానికి సరిపోయిన వాటం షవర్ నీళ్లకు చాలకపోవచ్చు. బకెట్ నీళ్లు గుమ్మం వైపు ఒంపి చూడండి, ఎక్కడా నిలవకుండా జాలీ దగ్గరికి పోవాలి. మాకు గుమ్మం దగ్గర నిలిస్తే అక్కడి టైల్స్ తీసి, ఈసారి గరుకువి వేయించాం.

మా బోరు నీళ్లకు షవర్ రంధ్రాలు నెలకోసారి తెల్లగా పూడుకుపోతాయి. అందుకే రబ్బరు మొనలున్నది కొన్నాను, వేలితో రుద్దితే ఉప్పు రాలిపోతుంది. మొండిగా ఉంటే విప్పి, సగం నీళ్లు కలిపిన వెనిగర్‌లో గంటసేపు నానబెట్టి కడిగితే చాలు.