లెవీసియాకి చలితో కాదు, తడితోనే గండం: ముసురు మొదలవకముందే చూసుకోవాల్సినవి

లెవీసియా అనే కొండ పూలమొక్క చచ్చిపోయిందని ఎవరైనా చెప్తే నేను మొదట అడిగేది చలి ఎంత పడిందని కాదు, వాన ఎన్ని రోజులు పట్టిందని. ఎత్తైన కొండల మొక్క కదా, మంచు చూసిన మొక్క కదా, దీనికి చలికాలం ఒక లెక్కా అనుకుని వదిలేస్తారు. అక్కడే కొంప మునిగేది. సున్నాకి కింద అయిదారు డిగ్రీలు పడినా, కుదురు పొడిగా ఉంటే ఆకులు కాస్త ముడుచుకుంటాయి, ఎర్రబారతాయి, అంతే, మళ్ళీ తేరుకుంటాయి. అదే సున్నాకి పైన రెండు మూడు డిగ్రీల దగ్గర వారం రోజులు ముసురు పట్టి, ఆకుల గుత్తి మధ్యలో నీళ్ళు నిలిచాయంటే మొదలు మెత్తబడిపోతుంది. పైకి పచ్చగానే కనిపిస్తుంది, ఒకరోజు ముట్టుకుంటే గుత్తి మొత్తం చేతిలోకి ఊడివస్తుంది.

తోటల్లో ఎక్కువమంది పెంచేది లెవీసియా కాటిలెడాన్, లేదా దాని నుంచి వచ్చిన సంకర రకాలు. దీని పుట్టిల్లు అమెరికాలో ఒరెగాన్ దక్షిణ భాగం, కాలిఫోర్నియా ఉత్తర భాగం కలిసేచోట ఉన్న క్లామత్, సిస్కియూ కొండలు. అక్కడ రాతిగోడల పగుళ్ళలో పక్కకి ఒరిగి అతుక్కుని పెరుగుతుంది కాబట్టి వాన పడినా ఆకుల మీద నుంచి జారిపోతుంది, మొదలు దగ్గర నిలవదు. మనం ఏం చేస్తాం? అంత అందమైన పూలగుత్తి అందరికీ కనపడాలని చదునైన మట్టిలో, ఆకాశం వైపు నోరు తెరిచిన గిన్నెలా నాటుతాం. ఇక వాన ఆ గిన్నెలో నిండక ఏం చేస్తుంది?

పైగా దీనికి లావుపాటి తల్లివేరు. ఇది గడ్డి గులాబీలకి దూరపు చుట్టం, ఒకప్పుడు శాస్త్రజ్ఞులు రెండింటినీ ఒకే కుటుంబంలో పెట్టేవాళ్ళు. నీళ్ళు దాచుకోవడానికి తయారైన వేరు అది, నీళ్ళలో నానడానికి కాదు. ఈ జాతిలోనే లెవీసియా రెడివివా అని ఒకటుంది. అమెరికా అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ 1806లో తన యాత్ర నుంచి తిరిగొస్తూ అక్కడి బిటర్‌రూట్ లోయలో దాన్ని సేకరించి, ఎండబెట్టి కాగితాల మధ్య నొక్కి పట్టుకెళ్ళాడు. అన్నాళ్ళు ఎండిన వేరుని తర్వాత మట్టిలో పెడితే చిగురేసింది. అందుకే 1814లో దాన్ని వర్ణించిన వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ పర్ష్ 'మళ్ళీ బతికింది' అన్న అర్థంలో ఆ పేరు పెట్టాడు. ఎండితే బతికే వేరు అది. అందుకని కింద చెప్పే పనులన్నీ తిరిగి తిరిగి ఒకచోటికే వస్తాయి, మెడ దగ్గర, అంటే వేరూ ఆకులూ కలిసేచోట, తడి ఉండకూడదు.

పని ఎప్పుడు మొదలుపెట్టాలంటే, వేసవి చివర్లో, ఉత్తరార్ధగోళంలో అయితే ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్ లోపు. ముసురు పట్టాక చేసే పనులు సగం పనికిరావు, తడి మట్టిలో వేళ్ళు కెలికితే ఉన్న రోగానికి ఇంకోటి తోడవుతుంది.

ముందు నీరు ఎలా ఇంకుతోందో చూడండి. మొక్కకి ఒక జానెడు దూరంలో మగ్గుడు నీళ్ళు పోసి నిలబడండి. మెల్లగా పది లెక్కపెట్టేలోపు మాయమైతే ఫరవాలేదు. గుంటలా నిలిచి, బుడగలు తేలుస్తూ ఇంకుతోందంటే మాత్రం ఆ చోటు దీనికి పనికిరాదు, మట్టి ఇంకా వెచ్చగా ఉండగానే తవ్వి మార్చండి, ఎందుకంటే కొత్తచోట వేళ్ళు కుదురుకోవడానికి గట్టి చలికి ముందు కనీసం నెలా నెలన్నర కావాలి. చుట్టుపక్కల నేల కంటే 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తుగా మడి కట్టి, సగానికి సగం చిన్న కంకర కలపండి. కంకర అంటే 3 నుంచి 6 మిల్లీమీటర్ల గరుకు రాళ్ళు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు సన్న ఇసుక కలపడం. సన్న ఇసుక మట్టి సందుల్లో దూరి గాలి పోయే దారి మూసేస్తుంది, గుల్లబారాల్సిన మట్టి ఇంకా బిగుసుకుంటుంది. సున్నపురాయి కంకర కూడా వద్దు, కాటిలెడాన్‌కి కొంచెం పులుపు (ఆమ్లం) వైపు ఉన్న మట్టే ఇష్టం.

నాటేటప్పుడు రెండు రాళ్ళ మధ్య ఒరగబెట్టి నాటండి. నిలువు గోడ సందు దొరికితే మరీ మంచిది, లేకపోతే గుత్తి ఒక పక్కకి వాలేలా పెట్టినా చాలు. తర్వాత ఆకుల కింద, మెడ చుట్టూ 2, 3 సెంటీమీటర్ల మందాన కంకర పరవండి. దీన్ని పైనుంచి కుమ్మరిస్తే రాళ్ళు గుత్తి మధ్యలో పడి ఇరుక్కుంటాయి, కాబట్టి ఒక చేత్తో ఆకులెత్తి పట్టుకుని ఇంకో చేత్తో కొంచెం కొంచెంగా తొయ్యాలి. విసుగు పని, కానీ మొత్తం జాగ్రత్తల్లో ఒక్కటే చేసే ఓపిక ఉందంటే నేను ఇదే చెయ్యమంటాను.

తర్వాత శుభ్రం చేసుకోవడం. వాడిపోయిన పూకాడలు, అడుగున ఎండి అంటుకుపోయిన ఆకులు, వీటిమీదే బూడిదరంగు బూజు ముందు మొదలై అక్కడి నుంచి బతికున్న మొదట్లోకి దిగుతుంది. పొడిగా ఉన్న రోజు చూసుకుని, పూర్తిగా ఎండినవాటిని పక్కకి లాగితే సులువుగా వచ్చేస్తాయి. సగం పచ్చగా ఉన్నదాన్ని బలవంతంగా పీకారంటే పుండు పడుతుంది, దాన్ని ఇంకో రెండు వారాలు వదిలెయ్యండి.

ఈ పని చేస్తున్నప్పుడే ఆకుల అంచులు గమనించండి. ఎవరో కత్తిరించినట్టు అర్ధచంద్రాకారంలో గాట్లు కనిపిస్తే వైన్ వీవిల్ అనే ముక్కుపురుగు వచ్చిందని అర్థం. పెద్ద పురుగు రాత్రిపూట ఆకు కొరుకుతుంది, దాంతో పెద్ద నష్టం లేదు. అసలు నష్టమంతా మట్టిలో ఉన్న దాని పిల్లలతో, అవి తెల్లగా, గోధుమరంగు తలతో, వంకీ తిరిగి ఉంటాయి, శరదృతువు నుంచి వసంతం దాకా తల్లివేరుని తొలిచి తింటూనే ఉంటాయి. ఒక్క పురుగు ఉన్నా నిర్లక్ష్యం చెయ్యొద్దు, ఎందుకంటే దీనికి మగదానితో పనిలేదు, ఒక్కత్తే వందల గుడ్లు పెట్టేస్తుంది. ఈ పిల్లల్ని చంపే మంచి నులిపురుగులని నీళ్ళలో కలిపి పోసే మందు బాగా పనిచేస్తుంది, అయితే అది పనిచెయ్యాలంటే మట్టి కొన్నాళ్ళు తేమగా ఉండాలి, లెవీసియాకేమో ముసురు ముందు తేమ వద్దు. అందుకని వేసవి చివర్లోనే, ఇంకా ఎండ కాస్తుండగానే ఆ పని ముగించి మట్టిని ఆరనివ్వండి. కుండీల్లో ఉన్నవైతే ఒకసారి మట్టిగడ్డతో సహా బయటికి తీసి కళ్ళతో చూసుకోవడం అన్నిటికంటే నమ్మకం.

ఎరువు వేసవి చివరికల్లా ఆపెయ్యండి. నత్రజనితో ఊరిన లేత ఆకులు చలికీ ఆగవు, బూజుకీ ఆగవు.

ఇక పైకప్పు. మొదటి ఏడు నేను చేసిన ఘనకార్యం చెప్తాను. వాన తగలకూడదు కదా అని మొక్కల మీద ప్లాస్టిక్ షీటు కప్పి, గాలికి ఎగరకుండా నాలుగు వైపులా ఇటుకలు పెట్టి చక్కగా బిగించాను. మూడు వారాల తర్వాత తీసి చూస్తే లోపల ఆవిరి కారుతోంది, అయిదు మొక్కల్లో మూడు బూజు పట్టి ఉన్నాయి. ఆ మూడింటి మీద ఒక్క వాన చుక్క కూడా పడలేదు! కప్పు కావాలి, గోడలు అక్కర్లేదు. గాజు పలకో, గట్టి పాలీకార్బొనేట్ పలకో తీసుకుని మొక్కకి జానెడు పైన, ఒక వైపుకి వాలుగా నిలబెట్టండి, నాలుగు పక్కలా గాలి ఆడాలి. పలక ఆకుల కంటే అన్నివైపులా జానెడు ఎక్కువ ఉంటేగానీ ఏటవాలు వాన ఆగదు. నీరు జారే వైపు ఇంకో మొక్క లేకుండా చూసుకోండి. గాలికి పలక ఎగిరితే ప్రమాదం, ముఖ్యంగా గాజు, కాబట్టి తీగతోనో బరువైన రాళ్ళతోనో గట్టిగా నిలపండి. మొక్కల కోసం వేడి పెట్టని గ్లాస్‌హౌస్ (గాజుగది) ఉన్నవాళ్ళు కూడా తలుపులు, కిటికీలు తెరిచే ఉంచాలి, వెచ్చదనం కోసం మూశారంటే నా ప్లాస్టిక్ కథే.

కుండీలు చోటు మార్చుకోగలిగినవి కాబట్టి సులువు. చూరు కింద, వెలుతురు తగిలేచోట పెట్టండి, అడుగున చిన్న రాళ్ళో దిమ్మలో పెట్టి రంధ్రాలు నేలకి ఆనకుండా లేపండి, అడుగు పళ్ళెం తీసెయ్యండి. మట్టికుండీ నీళ్ళు పీల్చుకుని గడ్డకడితే పగులుతుంది, గట్టి మంచు పడే చోట వాటిని ఇసుక పెట్టెలో అంచుదాకా దించితే కుండీకీ వేళ్ళకీ రక్షణ.

అన్నీ చేశాక కూడా ఒకటో రెండో పోతాయి, అందుకే వేసవిలోనే పిలకలు తీసి పెట్టుకోమంటాను. పక్కన వచ్చిన చిన్న గుత్తిని కొంచెం కాడతో సహా పదునైన కత్తితో కోసి, రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి కంకర మట్టిలో గుచ్చితే వేళ్ళు వస్తాయి. గింజలు శరదృతువులోనే చల్లి బయట వదలండి, చలి తగిలితేగానీ అవి వసంతంలో మొలవవు. గింజలనుంచి తల్లి రంగే వస్తుందని మాత్రం ఆశపడకండి, ఈ మొక్కలు ఒకదానితో ఒకటి తేలిగ్గా సంకరమైపోతాయి.

ముసురు మధ్యలో బాగా మోసపోయే చోటొకటుంది. ఆకులు ముడతలు పడి మెత్తగా వేలాడితే మన చెయ్యి నీళ్ళ డబ్బా మీదకి పోతుంది. వేసవిలో అయితే అది దాహమే, నీళ్ళు పొయ్యండి. కానీ మట్టి తడిగా ఉండగా ఆకు వాడిందంటే వేరు పాడై నీళ్ళు తాగలేకపోతోందని, ఇంకా పోస్తే అదే ఆఖరు. వేలితో కుదురుని మెల్లగా కదపండి. గట్టిగా ఉంటే వదిలెయ్యండి. ఊగుతుంటే, అడుగు ఆకులు నీరుపట్టినట్టు పారదర్శకంగా ఉంటే ఆలస్యం చెయ్యకుండా తవ్వండి. గోధుమరంగు మెత్తటి భాగాన్నంతా శుభ్రమైన కండ కనపడేదాకా కోసుకుంటూ వెళ్ళండి, ఒక్కో కోతకీ కత్తి తుడుచుకోండి. మిగిలిన ముక్కని వారం పాటు గాలి తగిలేచోట ఆరబెట్టి ఉత్త కంకరలాంటి మిశ్రమంలో నిలబెట్టండి. సగం సార్లు బతుకుతుంది, నా అనుభవంలో.

రెడివివా పెంచేవాళ్ళకి లెక్క వేరు. అది వేసవిలో ఆకులన్నీ ఎండిపోయి కుండీ ఖాళీగా కనిపిస్తుంది, చచ్చిందని పారెయ్యకండి, శరదృతువులో సన్నటి ఆకులు తన్నుకొస్తాయి, అప్పుడు కొంచెం తేమ ఇవ్వాలి. లెవీసియా నెవడెన్సిస్ అనే ఇంకో రకమైతే పూలయ్యాక మాయమై వసంతం దాకా కనిపించదు. రెండింటి దగ్గరా పేరు రాసిన చీటీ గుచ్చి ఉంచండి, లేకపోతే ఖాళీ చోటనుకుని మీరే పారతో తవ్వేస్తారు.

వసంతంలో గుత్తి మధ్య మొగ్గలు ఉబ్బడం కనిపించాక పలక తియ్యండి, అదీ మబ్బు పట్టిన రోజున, ఎందుకంటే నెలల తరబడి పలక కింద ఉన్న ఆకులకి ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నం ఎండ తగిలితే మచ్చలు పడతాయి.